ఒక్క పాయింటు వెల

నన్నయ గొప్పవాడా, తిక్కన గొప్పవాడా అన్న వాదము మన తెలుగు పండితులకు కొత్తది కాదు. ఒకరు నన్నయ పదముల కూర్పులోని సొగసును చూపుతారు. మరొకరు తిక్కన పాత్రల నోట పలికించిన మాటల బిగువును చూపుతారు. సంజవేళ మొదలైన చర్చ దీపములు పెట్టిన తరువాత కూడ తెగదు. తెగకపోవుట ఆ వాదమునకు లోపము కాదు. వాదము సాగినంత సేపూ ఉభయపక్షముల వారూ భారతమును మరొకసారి చదువుకొంటారు గదా!

ఇటువంటి తెగని వాదమే మోటారు పందెముల అభిమానుల మధ్య అరువది ఏండ్లకు పైగా సాగుతున్నది. వాదమునకు కారణము స్టిర్లింగ్ మాస్ అనే ఆంగ్లేయుడు. 1950 దశకములో అతడు చేయి వేసిన కారు ఏదైనా మెరుపై సాగినది. కాని ప్రపంచ విజేత అన్న బిరుదు మాత్రము అతనికి ఒక్కసారి కూడ దక్కలేదు. నాలుగు సంవత్సరములు వరుసగా రెండవ స్థానము, ఆ తరువాత మూడు సంవత్సరములు వరుసగా మూడవ స్థానము. ఇదీ అతని జాతకము. ఒక్క బిరుదు కూడ లేని మనిషిని అగ్రశ్రేణి సారథులలో లెక్కించవచ్చునా, కూడదా అన్నది అభిమానుల ప్రశ్న. మోటారు కార్లతో ఏ సంబంధమూ లేని బడిపంతులునైన నన్ను ఈ ప్రశ్న ఎందుకు పట్టుకొన్నదో చివర మనవి చేస్తాను.

ముందుగా పాఠకులకు ఒక మాట చెప్పవలె. ఫార్ములా వన్ అనే పందెములలో ప్రపంచ విజేత ఒక్క నాటి పరుగుతో తేలడు. ఏడాది పొడుగునా వేరు వేరు దేశములలో పందెములు జరుగుతవి. ప్రతి పందెములోను స్థానమును బట్టి పాయింట్లు ఇస్తారు. మాస్ పరుగెత్తిన కాలములో చాల సంవత్సరములు ఉన్న పద్ధతి ఇది: మొదటివానికి 8, రెండవవానికి 6, మూడవవానికి 4, నాలుగవవానికి 3, అయిదవవానికి 2. ఇవి గాక, పందెములోకెల్ల వేగముగా ఒక చుట్టు తిరిగినవానికి మరొక పాయింటు. 1958 లో ఒక్కొక్కని ఫలితములలో మిక్కిలి మంచివి ఆరు మాత్రమే లెక్కకు తీసుకొన్నారు. మన పరీక్షల మార్కుల జాబితా వంటిదే ఇదీను.

మాస్ 1929 సెప్టెంబరు 17 న లండనులో పుట్టినాడు. తండ్రి దంతవైద్యుడు, 1924 లో అమెరికా వెళ్ళి ఇండియానాపొలిస్ 500 మైళ్ళ పందెములో పాల్గొన్నవాడు. తల్లికీ కార్ల పోటీల అభిరుచి ఉండేది. చెల్లెలు పాట్ మాస్ సుదూరపు ర్యాలీ పోటీలలో గొప్ప పేరు తెచ్చుకొన్నది. ఇటువంటి ఇంట పుట్టిన కుర్రవాడు 1951 లో ఫార్ములా వన్ లో అడుగు పెట్టి, 1961 వరకు 66 పందెములలో పాల్గొని 16 గెలిచినాడు. అనగా నాలుగింట ఒకటి దాదాపుగా అతనిదే. అన్ని తరగతుల పోటీలూ కలిపి 529 లో పాల్గొని 212 గెలిచినట్లు లెక్క చెబుతారు. ప్రపంచ విజేత కాకుండ ఇన్ని ఫార్ములా వన్ పందెములు గెలిచినవాడు ఈనాటికీ మరొకడు లేడు.

ఇక వాదములోనికి వద్దాము. మాస్ ను తక్కువగా అంచనా వేసేవారి మాటలు కొట్టి పారవేయదగినవి కావు. వారి మొదటి సాక్షి అర్జెంటీనా దేశస్థుడైన హువాన్ మాన్యుయెల్ ఫాంజియో. 1955 లో ఫాంజియో, మాస్ ఇద్దరూ మెర్సిడిస్ సంస్థ పక్షాననే, ఒకే రకము కార్లలో పరుగెత్తినారు. ఆ ఏడు ఫాంజియో నాలుగు గ్రాండ్ ప్రి పందెములు గెలిస్తే మాస్ గెలిచినది ఒక్కటే. ఆ ఒక్కటీ ఇంగ్లండులోని ఎయింట్రీలో. అక్కడ ఫాంజియో రెప్పపాటు దూరములో రెండవవాడుగా వచ్చినాడు. స్వదేశములో కుర్రవానిని పెద్దవాడు కావలెననే గెలవనిచ్చినాడా అన్న అనుమానము ఆనాడే పుట్టినది. మాస్ స్వయముగా అడిగితే, కాదు, ఆనాడు నీదే పైచేయి అని ఫాంజియో చెప్పినాడట. అయినా అనుమానము చావలేదు.

వారి రెండవ ఆక్షేపణ కార్ల ఎంపికను గురించినది. 1951 లో ఇటలీలోని బారీ నగరమున జరగనున్న పందెమునకు ఫెరారి సంస్థ మాస్ కు కారు ఇస్తామని పిలిచి, తీరా వెళ్ళిన తరువాత ఆ కారును మరొకరికి ఇచ్చినది. ఆ అవమానమును అతడు చాల ఏండ్లు మరువలేదు. సాధ్యమైనంత వరకు తన దేశపు కార్లలోనే గెలవవలెనన్న పట్టుదల కూడ అతనికి ఉండేది. చివరి సంవత్సరములలో రాబ్ వాకర్ అనే ధనికుని చిన్న జట్టును నమ్ముకొన్నాడు. మంచి కారును ఎన్నుకొనుట కూడ డ్రైవరు ప్రజ్ఞలో భాగమే గదా, ఆ ప్రజ్ఞ ఇతనికి కొరవడినదని విమర్శకులంటారు. ఇంజను మీద జాలి లేకుండ తోలేవాడు గనుకనే ఇన్నిసార్లు కార్లు మధ్యలో ఆగిపోయినవని కూడ అంటారు.

రెండవ పక్షము వారు దీనికి మాటలతో గాక పందెములతో సమాధానము చెబుతారు. మొదటిది అదే 1955 మే 1 న ఇటలీలో జరిగిన మిల్లె మిల్యా. ఊళ్ళ మధ్య, కొండ దారుల మీద, మామూలు రహదారులలో సుమారు 1,600 కిలోమీటర్లు సాగే పందెము అది. మాస్ పక్కన డెనిస్ జెన్కిన్సన్ అనే పాత్రికేయుడు కూర్చున్నాడు. దారిలోని మలుపులన్నీ ముందుగా చూచి, పొడవైన కాగితము మీద వ్రాసి, దానిని చుట్టగా చుట్టి ఒక పెట్టెలో అమర్చుకొన్నాడు. ఇంజను రొదలో మాట వినబడదు గనుక, కాగితము విప్పుతూ చేతి సైగలతో ముందున్న మలుపు ఎటువంటిదో చెప్పినాడు. కనబడని మలుపులోనికి, పక్కవాని సైగను నమ్మి, పూర్తి వేగముతో ప్రవేశించుట మాస్ పని. 10 గంటల 7 నిమిషముల 48 సెకండ్లలో పందెము ముగిసినది. సగటు వేగము గంటకు 157 కిలోమీటర్లకు పైమాట. రెండవ స్థానములో వచ్చినవాడు, అరగంటకు పైగా వెనుకబడి, ఆ ఫాంజియోయే.

రెండవ నిదర్శనము 1958 జనవరిలో బ్యూనస్ ఐరిస్ లో జరిగిన పందెము. ఆనాటి కార్లలో చాల వాటికి ఇంజను ముందు ఉండేది. మాస్ తీసుకొన్న చిన్న కూపర్ కారుకు ఇంజను డ్రైవరు వెనుక ఉన్నది. బలములో అది పెద్ద కార్లకు చాలదు. పైగా దాని చక్రములు బోల్టులతో బిగించినవి. టైర్లు మార్చవలెనంటే చాల సమయము పట్టును. టైర్లు మార్చుటకు తప్పక ఆగుతాడని ప్రత్యర్థులు ధీమాగా ఉన్నారు. అతని జట్టువారు కూడ టైర్లు సిద్ధము చేస్తున్నట్లు నటించినారు. మాస్ ఆగనే లేదు. రబ్బరు అరిగి లోపలి గుడ్డ బయటపడిన టైర్లతో, నూనె మరకల మీద నడిపి వాటిని కాపాడుకొంటూ, రెండు సెకండ్ల చిల్లర తేడాతో గెలిచినాడు. ఇంజను వెనుక ఉన్న కారు ప్రపంచ విజేత పోటీలో గెలుచుట అదే మొదలు. కొద్ది ఏండ్లలోనే అందరూ ఆ దారి పట్టినారు. ఇంజను మీద జాలి లేనివాడన్న ఆక్షేపణకు ఈ పందెమే జవాబని అభిమానులంటారు.

మూడవది 1961 మొనాకో. ఫెరారి వారి కార్లకు మాస్ నడిపిన పాత లోటస్ కన్న స్పష్టముగా బలమెక్కువ. ఇరుకైన ఆ పట్టణపు వీథులలో నూరు చుట్లు, రెండున్నర గంటలకు పైగా, వెనుక తరుముకొని వచ్చే ఫెరారీలను దగ్గరకు రానిచ్చి, దాటనీయకుండ నడిపి గెలిచినాడు. తేడా మూడున్నర సెకండ్లు. యంత్రము బలహీనమైనప్పుడు మనిషి ఎంత అన్నది తెలియవలెనంటే ఈ పందెమును చూడవలెనని వారి వాదము. ఫెరారి సంస్థాధిపతి ఎంజో ఫెరారి కూడ, తాను మిక్కిలి ఆరాధించిన పాత తరపు వీరుడు నువొలారి సరసన మాస్ ను నిలబెట్టినాడు.

ఇంత వరకు ఇది సామర్థ్యమును గురించిన వాదము. అభిమానులు గొంతు పెంచేది 1958 సంవత్సరము ప్రస్తావనకు వచ్చినప్పుడు.

ఆ ఏడు ఫాంజియో విరమించుకొన్నాడు. బిరుదు కోసము మిగిలినవారు ఇద్దరు ఆంగ్లేయులు: వాన్‌వాల్ కారులో మాస్, ఫెరారి కారులో మైక్ హాథార్న్. ఆగస్టు 24 న పోర్చుగల్ లోని పోర్టో నగర వీథులలో పందెము. మాస్ అయిదు నిమిషములకు పైగా తేడాతో గెలిచినాడు. హాథార్న్ రెండవవాడు. కాని చివరి దశలో హాథార్న్ కారు గిర్రున తిరిగి ఆగిపోయినది. దానిని పల్లము వైపునకు, అంటే పందెము సాగే దిశకు ఎదురుగా నెట్టి, ఇంజనును తిరిగి నడిపించుకొన్నాడు. ఎదురు దిశలో కారు నడుపుట నిషిద్ధము. నిర్వాహకులు అతని ఫలితమును రద్దు చేయ సిద్ధపడినారు.

అప్పుడు అతని పక్షాన సాక్ష్యము చెప్పినవాడు ఎవరు? మాస్. హాథార్న్ ఎదురుగా వచ్చినమాట నిజమే గాని, పందెపు బాట మీద కాదు, కాలిబాట మీద వచ్చినాడు, తాను కళ్ళారా చూచినానని నిర్వాహకులకు చెప్పినాడు. వారు ఆ మాటను మన్నించినారు. హాథార్న్ పాయింట్లు నిలిచినవి. రెండవ స్థానమునకు 6, వేగవంతమైన చుట్టుకు 1, వెరసి 7.

చివరి పందెము అక్టోబరు 19 న మొరాకోలోని కాసాబ్లాంకాలో. మాస్ గెలిచినాడు, వేగవంతమైన చుట్టు కూడ అతనిదే. అంతకు మించి ఎవరూ చేయగలిగినది లేదు. హాథార్న్ రెండవవాడుగా వచ్చినాడు. ఏడాది మొత్తము మీద మాస్ నాలుగు పందెములు గెలిచినాడు; హాథార్న్ గెలిచినది ఒక్కటే. అయినా జాబితాలో హాథార్న్ 42, మాస్ 41.

ఇక్కడ విద్యార్థులు పలక తీసుకొని లెక్క వేయవచ్చును. పోర్టోలోని 7 పాయింట్లు తీసివేస్తే, హాథార్న్ ఆరు ఫలితములలోనికి అర్జెంటీనాలో వచ్చిన 4 పాయింట్లు చేరుతవి. మొత్తము 39 అగును. అనగా మాస్ మౌనముగా ఉండి, నిర్వాహకులు అనుకొన్నంత పని చేసి ఉంటే ప్రపంచ విజేత అతడే. మరొక లెక్క కూడ ఉన్నది. 1961 నుంచి గెలుపునకు 9 పాయింట్లు ఇచ్చినారు. వేగవంతమైన చుట్టుకు ఇచ్చే పాయింటు అప్పటికే ఎత్తివేసినారు. ఆరు ఫలితముల నియమమును అట్లే ఉంచి, ఈ కొత్త కొలతతో 1958 ను కొలిస్తే మాస్ కు 42, హాథార్న్ కు 39 వచ్చును. పరుగులు అవే, మనుష్యులు వారే. కొలత మారితే విజేత మారినాడు!

అయితే ఈ లెక్కను చూపి హాథార్న్ ను తక్కువ చేయుట న్యాయము కాదు. పందెము మొదలైన నాడు అమలులో ఉన్న కొలత అందరికీ తెలిసినదే. ఆ కొలత నిలకడను కోరినది. హాథార్న్ అయిదుసార్లు రెండవ స్థానము సంపాదించి నిలకడను చూపినాడు. ఆ ఏడు అతని చెంతనే పరుగెత్తిన లుయిజి ముస్సో, ప్రాణస్నేహితుడు పీటర్ కాలిన్స్ పందెములలోనే మరణించినారు. కాసాబ్లాంకాలో మాస్ జట్టువాడైన స్టువార్ట్ లూయిస్‌–ఎవాన్స్ కాలిన గాయములతో కొద్ది దినములకు కన్నుమూసినాడు. హాథార్న్ బిరుదు అందుకొనగానే పందెములకు స్వస్తి చెప్పినాడు. మూడు నెలలు తిరిగినవి. 1959 జనవరి 22 న, ఇంగ్లండులో మామూలు రహదారి మీద కారు ప్రమాదములో మరణించినాడు. అప్పటికి అతని వయస్సు 29. ఆ మూడు నెలల కిరీటమును గురించి ఈర్ష్యతో మాట్లాడ ఎవరికి నోరు వచ్చును?

సాక్ష్యము చెప్పి బిరుదును త్యాగము చేసినాడని మాస్ అభిమానులు చెప్పే మాటను కూడ కొంచెము సరిచేయవలె. పోర్టోలో అతడు నోరు విప్పిన నాటికి ఇంకను రెండు పందెములు మిగిలి ఉన్నవి. ఈ 7 పాయింట్లే తన మెడకు చుట్టుకొంటవని అతనికి తెలియదు. పైగా అదే పందెములో, హాథార్న్ వేగపు రికార్డు సాధించినాడని జట్టువారు పలక మీద పొడి అక్షరములలో చూపితే, మాస్ దానిని తప్పుగా చదువుకొని, తిరిగి ఆ పాయింటు కోసము ప్రయత్నించలేదని చెబుతారు. ఆ ఒక్క పాయింటు చేతులు మారి ఉంటే మాస్ 42, హాథార్న్ 41 అయ్యేది. కనుక బిరుదు పోవుటకు సత్యము ఒక్కటే కారణము కాదు. విరిగిన ఇంజనులు, తప్పు చదివిన అక్షరములు కూడ కారణములే. మన హరిశ్చంద్రుడు ఏమి పోగొట్టుకొంటున్నాడో తెలిసి పోగొట్టుకొన్నాడు. మాస్ కు ఆ వెల ఎంతో తెలియదు. కాని వెల ఉండవచ్చునని తెలుసు. ఎదుట ఉన్నవాడు తన పోటీదారుడని తెలుసు. మౌనము ఉచితముగా దొరుకుతున్నదని తెలుసు. అయినా చూచినది చెప్పినాడు. తరువాతి జీవితములో ఎన్నడూ దానికి పశ్చాత్తాపపడలేదు.

నాకు తోచినంతలో అభిమానులు రెండు ప్రశ్నలను ఒక్క ముడిలో వేసి లాగుతున్నారు. మాస్ ఎంతటి సారథి అన్నది ఒక ప్రశ్న. దానికి మొనాకో, బ్యూనస్ ఐరిస్, మిల్లె మిల్యా సాక్ష్యము చెప్పవలె, పోర్టో చెప్పజాలదు. సత్యము పలికినవాడు గనుక కారు బాగా నడిపినాడనుట తర్కము కాదు. మాస్ ఎటువంటి మనిషి అన్నది రెండవ ప్రశ్న. దానికి పాయింట్ల జాబితా సమాధానము చెప్పజాలదు. బిరుదు లేదు గనుక గొప్పవాడు కాడనుట ఎంత తప్పో, బిరుదు పోయినది గనుకనే గొప్పవాడనుట అంత తప్పు.

మనిషిని గురించి చెప్పేటప్పుడు మచ్చలు కూడ చెప్పవలె. ఫార్ములా వన్ లో గెలిచే మానసిక స్థైర్యము స్త్రీలకు లేదన్న అర్థము వచ్చేటట్లు 2013 లో మాస్ మాట్లాడినాడు, చాలమంది నొచ్చుకొన్నారు. అతని సొంత చెల్లెలు 1960 లో, పురుషులందరినీ వెనుకవేసి, లియేజ్–రోమ్–లియేజ్ అనే కఠినమైన ర్యాలీని గెలిచిన సంగతి అతనికి తెలియనిది కాదు. సత్యము పలికినవాడు సర్వజ్ఞుడు కానక్కరలేదు.

తనను తాను కొలుచుకొనుటలో మాత్రము అతడు మొగమాటపడలేదు. 1962 ఏప్రిల్ 23 న గుడ్‌వుడ్ లో ఘోర ప్రమాదమునకు గురియై చాల దినములు స్పృహ లేకుండ పడియున్నాడు. మరుసటి ఏడు అదే బాట మీద ఒంటరిగా కారు నడిపి చూచుకొన్నాడు. ఇంతకు ముందు ఆలోచించకుండ చేతులు చేసే పనిని ఇప్పుడు ఆలోచించి చేయవలసి వస్తున్నదని గ్రహించినాడు. అంతటితో వృత్తిని విడిచినాడు. అప్పటికి 33 ఏండ్లు. పాతకాలపు కార్ల పోటీలలో మాత్రము సరదాగా పాల్గొంటూ వచ్చి, 2011 లో, 81 వ ఏట, నడుపుతూ ఉండగా తనకే భయము వేసినదని చెప్పి అదీ మానినాడు. 2020 ఏప్రిల్ 12 న, 90 వ ఏట, లండనులో మరణించినాడు. అందరిలోకీ గొప్ప డ్రైవరెవరని అడిగితే, ఫాంజియో అని చెప్పుటకు అతడు ఏనాడూ సందేహించలేదు. తన అభిమానుల వాదములో తానే ఎదుటి పక్షము!

ఇక నా మాట. నేను ఒక ఉన్నత పాఠశాలలో పని చేస్తున్న రోజులలో ఒకసారి పరీక్ష కాగితములు దిద్ది తరగతిలో పంచినాను. ప్రథముడెవరో తేలిపోయినది. మధ్యాహ్నము ఆ ప్రథముడే నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడినాడు. చేతిలో ఉన్నది తన కాగితము కాదు. రెండవ స్థానము వచ్చిన పిల్లవానిది. “మాస్టారూ! వీడి నాలుగో ప్రశ్నకు మార్కులు వేశారు గాని, మొత్తంలో కలపలేదండీ” అన్నాడు. కూడి చూచినాను. నిజమే. ఎర్ర సిరాతో అంకె దిద్దినాను. స్థానములు తారుమారైనవి. ఒక్క మార్కు తేడా. బహుమతి పుస్తకము రెండవవానికి పోయినది. కాగితము తెచ్చిన పిల్లవానితో ఆనాడు నేనన్నది “సరే, వెళ్ళు” అన్న రెండు మాటలే. నా మార్కుల రిజిస్టరులో వాడు చేసిన పనికి గడి లేదు. గడి లేనిదానిని గురించి నోరు కూడ విప్పనక్కరలేదని అప్పుడు అనుకొన్నాను కాబోలు. ఆ లోటు ఇప్పటికీ నన్ను వేధిస్తున్నది.

మార్కులు అక్కరలేదని నేననను. కొలత లేని పోటీ లేదు. కొలతను గౌరవించనివాడు ఆటనే గౌరవించడు. కాని ఏ కొలతయైనా తాను అడిగిన ప్రశ్నకే సమాధానము చెప్పును. అడగని ప్రశ్నలకు సమాధానము చెప్పవలసిన బాధ్యత చూచినవారి మీద ఉన్నది. మాస్ ఆనాడు పోర్టోలో చేసినది అదే.

ప్రపంచ విజేతల జాబితాలో 1958 కి ఎదురుగా హాథార్న్ పేరు ఉన్నది. ఉండవలసినదే. ఆ పేరు అక్కడ ఎట్లు నిలిచినదో జాబితా చెప్పదు. చెప్పవలసినవారము మనము.